ప్రాణం ఉంది, తెలివి లేదు

1740 నవంబరులో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం దగ్గర అబ్రహాం ట్రెంబ్లే అనే స్విస్ యువకుడు ఒక చిన్న నీటిజీవిని అడ్డంగా రెండుగా కోశాడు. ఒక ప్రభువు ఇంట్లో ఇద్దరు పిల్లలకు చదువు చెప్పడం అతని ఉద్యోగం. కుంట నీళ్ళలో దొరికిన ఆ ఆకుపచ్చ పోగు మొక్కో జంతువో అతనికి అంతుపట్టలేదు. మొక్కయితే రెండు ముక్కలూ బతుకుతాయి, జంతువైతే చచ్చిపోతుంది, తేలిపోతుంది కదా అనుకున్నాడు. ముక్కలు రెండూ బతికాయి. కొన్ని రోజుల్లో తలలేని ముక్కకు తల మొలిచింది, కాళ్ళు లేని ముక్క పూర్తి ఒళ్ళు తెచ్చుకుంది. కానీ అది పాకుతోంది, చేతుల్లాంటి పోగులతో వేటాడుతోంది, పట్టినదాన్ని మింగుతోంది. మొక్క ఎలా అవుతుంది? ఆ జీవినే ఇప్పుడు హైడ్రా అంటున్నాం.

ఈ చిన్న కోత అప్పటి పండితులకు నిద్ర లేకుండా చేసింది. ఆత్మ అఖండం, దాన్ని ముక్కలు చెయ్యడం సాధ్యం కాదు అని నమ్మిన కాలం అది. మరి ఒక హైడ్రా రెండు హైడ్రాలైనప్పుడు దాని ఆత్మ ఏమైంది? రెండుగా చీలిందా? ఒక ముక్కలో ఉండిపోయి, రెండోదానికి కొత్తది వచ్చిందా? అసలు ముందు నుంచీ లేనే లేదా?

దాదాపు మూడు వందల ఏళ్ళు గడిచినా మనం అడిగేది ఆ ప్రశ్ననే. ప్రాణమున్న కణాలు కోట్లకొద్దీ ఒకచోట చేరితే, వాటిలోంచి 'నేను' అనుకునేవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఈ ప్రశ్న ఇంతగా ముడిపడటానికి సగం కారణం మనం మూడు ప్రశ్నల్ని కలిపి ఒకే ఊపిరిలో అడగడం అని నా నమ్మకం. తెలుగు మాట్లాడేవాళ్ళకు ఆ ముడి విప్పుకోవడం కొంచెం తేలిక. పడిపోయిన మనిషి దగ్గర కూర్చుని "ప్రాణం ఉంది, తెలివి లేదు" అంటాం. ప్రాణం ఒకటి, తెలివి ఇంకొకటి అని ఆ వాక్యంలోనే ఉంది. బాగా అలిసినవాడు "ఒళ్ళు తెలియకుండా" నిద్రపోతాడు. తెలియాల్సింది ముందు ఒళ్ళు అని ఆ మాటలో ఉంది. ఇక మూడోది, లోపల ఉండి అనుభవించేది. దానికే ఆత్మ, జీవుడు, నేను అని రకరకాల పేర్లు. ఈ మూడింటికీ మనకు తెలిసినదాంట్లో హస్తిమశకాంతరం ఉంది.

ప్రాణం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది చాలావరకు తేలిన లెక్క. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ప్రాణుల ఒంట్లో తయారయ్యే పదార్థాలకు ప్రత్యేకమైన జీవశక్తి ఏదో కావాలని చాలామంది శాస్త్రజ్ఞులే నమ్మేవారు. 1828లో ఫ్రెడ్రిక్ వోలర్ మూత్రంలో ఉండే యూరియాను ప్రాణితో పనిలేకుండా ప్రయోగశాలలో తయారు చేశాడు. ఆ ఒక్క దెబ్బతో జీవశక్తి సిద్ధాంతం కూలిపోలేదు గానీ, ఆ తర్వాత ఒక్కో ఇటుకా ఊడిపోతూ వచ్చింది. ఇవాళ కణంలో జీవశక్తి ఎక్కడుందని ఎవరూ వెతకరు. పొర ఉంది, పొర లోపల రసాయన చర్యలున్నాయి, అవి ఆ పొరనే మళ్ళీ మళ్ళీ కట్టుకుంటున్నాయి. తనను తాను నిలబెట్టుకునే ఆ పనికే ప్రాణం అని పేరు. ఆ పని ఆగితే చావు. కణంలోంచి బయటికి వెళ్ళిపోయిన వస్తువంటూ ఏదీ లేదు.

అయితే ఆ పనిని తక్కువ చేసి చూడకూడదు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియా పొడవు రెండు మైక్రోమీటర్లు. అది ఆహారం ఉన్నవైపు ఈదుతుంది. తల దగ్గర ఆహారం ఎక్కువుందా, తోక దగ్గర ఎక్కువుందా అని పోల్చుకోవడానికి దాని ఒళ్ళు చాలదు, అంత చిన్నది. అందుకని కాలంతో పోల్చుకుంటుంది. కొన్ని సెకన్ల కిందటితో చూస్తే ఇప్పుడు బాగుందా? బాగుంటే నేరుగా ఇంకొంత దూరం ఈదుతుంది. బాగాలేకపోతే గిరగిరా తిరిగి, దిక్కు మార్చుకుని బయల్దేరుతుంది. ఆ కొన్ని సెకన్ల జ్ఞాపకం ఆహారాన్ని పసిగట్టే దాని గ్రాహకాల మీద అతుక్కునే చిన్న రసాయన గుర్తుల్లో ఉంటుంది. మెదడు లేదు, నరం లేదు, ఉన్నది ఒకే ఒక్క కణం. దానికి తెలివి ఉందని నేననను. కానీ రాయికి లేనిదొకటి దానికి ఉంది. రాయికి మంచీ చెడ్డా లేవు. ఈ.కోలైకి ఉన్నాయి: బతకనిచ్చేది మంచి, బతకనివ్వనిది చెడ్డ. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో చివర్లో పని ఉంది.

కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే పనిముట్లు కూడా నరాలకన్నా చాలా పాతవి. ప్రతి కణం తన పొరకు అటూ ఇటూ విద్యుత్తు తేడాను నిలుపుకుంటుంది. నరకణంలో, అంటే న్యూరాన్‌లో, అది సుమారు 70 మిల్లీవోల్టులు. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది. కానీ పొర మందం దాదాపు 5 నానోమీటర్లే కాబట్టి, మీటరు లెక్కన చూస్తే కోటి వోల్టులు దాటుతుంది. ఆ తేడాను నిలపడానికి పొరలోని పంపు ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. రేయింబవళ్ళు అదే పని. మన బరువులో రెండు శాతం ఉండే మెదడు ఒంటికి అందే శక్తిలో సుమారు 20 శాతం తినేస్తుందంటే ఈ పంపుల వాటా అందులో చాలా ఉంది. పొరలో ఉండే సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు విద్యుత్తు అలలా నరం పొడవునా పరుగెడుతుంది. ఆ అల లెక్కను హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రజ్ఞులు 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద తేల్చారు. పొటాషియం ద్వారం ఎలా ఉంటుందో అణువు అణువుగా మొదట చూపించినవాడు రోడరిక్ మెకినన్, 1998లో. ఆయన ఆ ద్వారాన్ని తీసుకున్నది ఏ జంతువు మెదడులోంచో కాదు, మట్టిలో ఉండే ఒక బాక్టీరియాలోంచి. అంటే మన ఆలోచన నడిచే తలుపులు ఆలోచన పుట్టకముందే, వందల కోట్ల ఏళ్ళ కిందటే, బిగించి ఉన్నాయి.

కణాలు, విద్యుత్తు, సంకేతాలు అన్నీ ఉన్నాయి. సరే, ఇవన్నీ ఎక్కువైతే తెలివి పుడుతుందా?

పుట్టదు. ఈ విషయంలో మెదడే సాక్ష్యం చెబుతుంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లుంటే, వాటిలో దాదాపు 6,900 కోట్లు వెనకవైపు ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. అసలు చిన్నమెదడే లేకుండా పుట్టిన 24 ఏళ్ళ యువతి గురించి 2014లో చైనా వైద్యులు రాశారు. ఆమె నడక ఆలస్యంగా వచ్చింది, మాట కొంచెం తడబడేది. కానీ ఆమెకు తెలివి ఉంది, అనుభవం ఉంది, పెళ్ళీ బిడ్డా ఉన్నారు. న్యూరాన్లలో ఎక్కువ భాగం ఉండాల్సిన చోట ఖాళీ ఉన్నా 'నేను'కు పెద్ద లోటు రాలేదు. దీనికి ఎదురుగా, మెదడు కాండంలో వేలి కొసంత చోట దెబ్బ తగిలితే చాలు, మనిషి కోమాలోకి వెళ్ళిపోవచ్చు. కాబట్టి ఇది తలల లెక్క కాదు. ఎవరు ఎవరితో ఎలా కలిశారన్నదే లెక్క. చిన్నమెదడులో కణాలు చిన్న చిన్న గుంపులుగా, ఒకదానితో ఒకటి పెద్దగా పొత్తు లేకుండా పనిచేస్తాయి. పైన ముడతలు ముడతలుగా ఉండే కార్టెక్స్‌లో, దాని అడుగున ఉండే థాలమస్‌లో కణాలు అటు చెప్పి ఇటు విని, విన్నదానికి మళ్ళీ జవాబు చెబుతూ ఉంటాయి.

2019లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం నన్ను చాలా రోజులు వెంటాడింది. మాంసం కోసం చంపిన 32 పందుల మెదళ్ళను చనిపోయిన నాలుగు గంటల తర్వాత తీసుకుని, రక్తంలాంటి ద్రవాన్ని వాటి నాళాల్లో ఆరు గంటలపాటు తిప్పారు. కణాలు తేరుకున్నాయి. చక్కెర వాడుకున్నాయి, ప్రాణవాయువు వాడుకున్నాయి. పలుచని పొరగా కోసి విడిగా పరీక్షిస్తే న్యూరాన్లు సంకేతాలు ఇవ్వగలిగాయి. కానీ మొత్తం మెదడు మీద తెలివికి గుర్తుగా కనిపించే విద్యుత్తు అలలు ఒక్కసారి కూడా రాలేదు. రాకూడదనే పరిశోధకులు ఆ ద్రవంలో న్యూరాన్లను అణిచే మందులు కలిపారు. ఒకవేళ వస్తే వెంటనే మత్తు ఇవ్వడానికి సిద్ధంగా నిలబడ్డారు. కణాల్లో ప్రాణం తిరిగి వచ్చింది, తెలివి మాత్రం రాలేదు. మనం నోటితో అనే వాక్యాన్ని అక్కడ ప్రయోగశాలలో చూపించారు.

మత్తుమందు ఇదే సంగతిని రోజూ చూపిస్తుంది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ వాసన చూపించి రోగికి నొప్పి తెలియకుండా చేసినప్పటి నుంచి, కొన్ని నిమిషాల్లో తెలివిని తీసేసి, మళ్ళీ తిరిగి ఇవ్వడం వైద్యులకు చేతనైంది. అప్పుడు కణాలు చావవు. గుండె కొట్టుకుంటుంది, మెదడులో విద్యుత్తు నడుస్తూనే ఉంటుంది. మరి పోయిందేమిటి? మార్చెల్లో మస్సిమిని అనే ఇటలీ శాస్త్రజ్ఞుడి బృందం దీనికి చక్కని పరీక్ష కనిపెట్టింది. తల పైనుంచి అయస్కాంతంతో మెదడులో ఒకచోట చిన్నగా తట్టి, ప్రతిధ్వని ఎంత దూరం పోతుందో చూస్తారు. మెలకువగా ఉన్నవాడిలో ఆ తట్టు దూరదూరాలకు పాకి, ఒక్కోచోట ఒక్కో తీరులో మోగుతుంది. ఒళ్ళు తెలియని నిద్రలో తట్టినచోటే మోగి ఆగిపోతుంది. చాలా మత్తుమందుల్లోనూ అంతే. ఒళ్ళు కదలకున్నా లోపల కలలాంటి అనుభవం మిగిల్చే కెటమిన్ అనే మందు ఇచ్చినప్పుడు మాత్రం ప్రతిధ్వని మెలకువలో లాగే చిక్కగా ఉంటుంది. ఇంత పొందిక యాదృచ్ఛికం కాదు. కణాల మాటలు దూరం పోవాలి, పోయినచోటల్లా వేరువేరుగా పలకాలి, అయినా ఒక్కటిగా ఉండాలి. అప్పుడే తెలివి ఉంటోంది.

ఈ తేడా మంచాన పడి ఉన్న మనుషులకు సంబంధించినది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోలేను. 2006లో ఏడ్రియన్ ఓవెన్ అనే మెదడు శాస్త్రజ్ఞుడి బృందం, ప్రమాదంలో దెబ్బతిని ఏ స్పందనా లేకుండా పడి ఉన్న ఒక యువతిని స్కానర్‌లో పెట్టి "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అన్నారు. ఆరోగ్యవంతుల మెదడులో వెలిగే చోటే ఆమె మెదడులోనూ వెలిగింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, పిలిస్తే పలకని 241 మంది రోగుల్లో 60 మంది ఇలాంటి ఆజ్ఞలను లోలోపల పాటించారు. నలుగురిలో ఒకరు. పక్కన కూర్చున్నవాళ్ళు "తెలివి లేదు" అనుకుంటూ మాట్లాడుకున్న మాటలు వాళ్ళు విని ఉండొచ్చు.

ఇంతవరకూ చెప్పింది విన్న పాతకాలపు నైయాయికుడు, అంటే ఆత్మ ఒంటికి వేరని వాదించే న్యాయదర్శనంవాడు, ఒప్పుకోడు. ఈ వాదన మన నేలమీద చాలా ముందే జరిగింది. మత్తులేని దినుసులు కలిసి పులిస్తే మత్తు పుట్టినట్టు, మట్టి, నీరు లాంటి చైతన్యం లేని భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుంది అన్నారు, ఒంటికి వేరైన ఆత్మ లేదనే చార్వాకులు. చైతన్యం ఒంటి గుణమే అయితే శవానికీ ఉండాలి కదా, ఒళ్ళు అదే కదా అని నైయాయికులు నిలదీశారు. పదునైన ప్రశ్న. గుణం అనుకున్నంతసేపూ దానికి జవాబు దొరకదు. పని అనుకుంటే దొరుకుతుంది. ఏటి మలుపులో సుడి తిరుగుతుంది. నీటి ప్రవాహం ఆగిపోతే నీరు ఉంటుంది, సుడి ఉండదు. సుడి ఎక్కడికి వెళ్ళిందని ఎవరమూ అడగం. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ ఆత్మను శరీరానికి వేరైన పదార్థంగా చెప్పినప్పుడు, 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం రాసి అడిగింది: ఏ కొలతా లేని ఆత్మ కొలత ఉన్న శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? ఆమెకు సరైన జవాబు రాలేదు. బయటినుంచి ఆత్మ వచ్చి చేరిందనేవాళ్ళు ఇప్పటికీ ఆ ఉత్తరానికి బాకీ ఉన్నారు.

కానీ సుడి పోలికతో పని అయిపోయిందనుకుంటే అదీ తొందరపాటే. సుడికి లోపలినుంచి చూసేవాడు లేడు. మనలో ఉన్నాడు.

కాలి వేలు రాయికి కొట్టుకున్న క్షణాన్ని తీసుకోండి. ముందు చురుక్కుమంటుంది. ఆ వార్త మైలిన్ అనే కొవ్వు పదార్థం సన్నని తొడుగుగా ఉన్న నరాలమీద సెకనుకు కొన్ని మీటర్ల నుంచి ముప్పై మీటర్ల వేగంతో వస్తుంది. ఒక సెకను గడిచాక మెల్లగా మంట, సలుపు మొదలవుతాయి. అవి తొడుగు లేని నరాలమీద సెకనుకు దాదాపు ఒక్క మీటరు చొప్పున నడిచి వస్తాయి. ఇంతవరకు పూసగుచ్చినట్టు చెప్పొచ్చు. అయితే నొప్పికి మనకు ఎన్ని మాటలు! పోటు, సలుపు, తీపు, గుంజు, మంట, జివ్వుమనడం. ప్రతిదీ వేరు, అనుభవించినవాడు తడుముకోకుండా చెబుతాడు. నరంలో పరుగెత్తే విద్యుత్తు అలలో మాత్రం సలుపు లేదు, పోటు లేదు. సోడియం లోపలికి, పొటాషియం బయటికి, అంతే. ఆ అలలకు లోపలి నుంచి చూస్తే సలుపు అనే రుచి ఎందుకుంది? ఏ రుచీ లేకుండా కాలు వెనక్కి తీసుకుంటే సరిపోయేది కదా? ఇదీ అసలు ముడి. తత్వవేత్త డేవిడ్ చామర్స్ దీనికి కష్టమైన సమస్య అని పేరు పెట్టి 30 ఏళ్ళు దాటింది. 1998లో ఆయనతో క్రిస్టాఫ్ కోచ్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు పందెం వేశాడు: 25 ఏళ్ళలో చైతన్యానికి మూలమైన న్యూరాన్ల అమరిక స్పష్టంగా దొరుకుతుందని. 2023లో న్యూయార్క్ సభలో అందరి ముందూ ఓటమి ఒప్పుకుని, పందెం ప్రకారం వైన్ సీసాలు తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత 2025లో రెండు ప్రధాన సిద్ధాంతాలను 256 మంది మీద ముఖాముఖి పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. మెదడు వెనకభాగంలో కణాలు ఎడతెగకుండా ఒకే లయలో ఉండాలని ఒకటి చెప్పింది, అలా కనిపించలేదు. చూస్తున్న బొమ్మ మాయమైనప్పుడు ముందుభాగం మళ్ళీ ఒకసారి భగ్గుమనాలని రెండోది చెప్పింది, అదీ చాలావరకు జరగలేదు.

ఇక నా అభిప్రాయం. మెదడును లెక్కలు చేసే యంత్రంగా చూసినంతకాలం ఈ ముడి వదులు కాదని నాకనిపిస్తుంది. మొదలుపెట్టాల్సింది ఒళ్ళు తెలియడం దగ్గర. మెదడు కాండం గణితాన్ని పట్టించుకోదు. గుండె, ఊపిరి, ఉష్ణం, ఆకలి, రక్తంలో ఉప్పు, వీటిని కనిపెట్టుకుని ఉంటుంది. కార్టెక్స్ చాలావరకు లేకుండా పుట్టిన కొందరు పిల్లలు నవ్వుతారు, ఏడుస్తారు, తమవాళ్ళు దగ్గరికొస్తే సంతోషిస్తారు. వాళ్ళను దగ్గరుండి చూసిన బ్యోర్న్ మెర్కర్ అనే శాస్త్రజ్ఞుడు 2007లో ఈ విషయాన్ని శాస్త్రలోకం ముందు పెట్టాడు. ఈ.కోలైలో చూసిన మంచీచెడ్డా గుర్తుందా? కోట్ల కణాల ఒంటికి ఆ మంచీచెడ్డా లక్షల రకాలుగా ఉంటాయి. వాటన్నిటినీ ఒకేచోట, ఒకేసారి తూచి, మొత్తం ఒంటిని ఒకవైపు నడిపించాలి. ఆకలి, నొప్పి, భయం ఆ తూకం లోపలివైపు అని నేననుకుంటున్నాను. సలుపుకు రుచి ఎందుకుందంటే, అది ఎవరికో అందే వార్త కాదు గనక. అది ఆ ఒంటి స్వంత నష్టం. ఇది నిరూపణ కాదని నాకు తెలుసు. కానీ చైతన్యానికి కణం కావాలి, ఊరికే అమరిక చాలదు అనే మాటకు ఇందులో ఒక కారణం దొరుకుతుంది: పోగొట్టుకునేది ఏదీ లేనిదానికి అనుభవించేదీ ఉండదు.

గర్భంలో బిడ్డకు తెలివి ఏ రోజున వస్తుందని చాలామంది అడుగుతారు. తర్వాత మెదడు, వెన్నుపాము అయ్యే నాడీనాళం నాలుగో వారానికి మూసుకుంటుంది. థాలమస్ నుంచి కార్టెక్స్‌కు దారులు 24వ వారం ప్రాంతానికి కలవడం మొదలవుతాయి. అంతకుముందు మనకు తెలిసిన రూపంలో తెలివి ఉండే వీలు తక్కువ. ఫలానా నిమిషం అని మాత్రం ఎవరూ చెప్పలేరు. తెలివి, తెలుపు, తెల్లవారడం ఒకే వేరులోంచి వచ్చిన మాటలు. తెల్లవారడానికీ నిమిషం చెప్పలేం, అయినా రాత్రీ పగలూ వేరని మనకు సందేహం లేదు.

ట్రెంబ్లే హైడ్రా దగ్గరికి మళ్ళీ వెళ్దాం. కొలంబియా విశ్వవిద్యాలయంలో రాఫెల్ యూస్టె బృందం 2017లో, హైడ్రా ఒంట్లో ఉన్న న్యూరాన్లన్నీ వెలుగుతూ ఆరుతూ ఉండగా చూసింది. అవి వలలా ఒళ్ళంతా పరుచుకున్న కొన్ని వందల కణాలు. 2021లో వాళ్ళు ట్రెంబ్లేకన్నా ముందుకు వెళ్ళారు. హైడ్రాను రెండు ముక్కలు కాదు, విడివిడి కణాలుగా చేసేశారు. వాటిని ముద్దగా చేసి వదిలేస్తే, కొన్ని రోజుల్లో ముద్ద మళ్ళీ హైడ్రా అవుతుంది. ఈసారి ఆ దారంతా న్యూరాన్లను కనిపెట్టి చూశారు. మొదట ఒక్కో కణం తనకు తోచినప్పుడు, ఎవరితోనూ పొత్తు లేకుండా మెరిసింది. తర్వాత పక్కపక్కవి రెండూ మూడూ కలిసి మెరిశాయి. చిన్న గుంపులు పెద్ద గుంపులతో కలిశాయి. మూడు రోజులు తిరిగేసరికి వల అంతా ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరి, ఆ కొత్త ఒళ్ళు ముడుచుకుని చాచుకుంది.